వద్దన్నా పెట్టిన కిరీటం

ఈ ఊళ్ళో మన పిల్లలు నన్ను ఆంటీ అంటారు. ఏ పుట్టినరోజు పార్టీలోనో పక్కన కూర్చుని, "ఆంటీ, మీరు లైబ్రరీలో వర్క్ చేసేవారట కదా, బోర్ కొట్టేది కాదా?" అని అడుగుతారు. నేను నవ్వేసి వాళ్ళకి రెండు కథలు చెబుతాను. ఒకటి, పుస్తకంలో గుర్తు కోసం పిజ్జా ముక్క పెట్టి తిరిగిచ్చిన స్టూడెంట్ కథ. రెండోది, ఒక రాజుగారి మనవడికి నేను పదకొండేళ్ళు పుస్తకాలు అందించిన కథ. ఈ రెండోదాన్ని ఎప్పుడూ సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. చెప్పేటప్పుడు ఎదురుగా మొహాలుంటాయి, రాసేటప్పుడు ఉండవు. నాకున్న ధైర్యం అంతే.

అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఐసెలిన్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న కాలేజీ లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మా దగ్గర లేని పుస్తకాలూ పాత కాగితాల పెట్టెలూ వేరే లైబ్రరీల నుంచి తెప్పించి, అడిగినవాళ్ళకి రీడింగ్ రూమ్‌లో అందించడం నా పని. మనవాళ్ళలో ఆ పనికి ఎంత గౌరవమో మీకు తెలియనిది కాదు. "ఏ కంపెనీ అండీ మీది?" అని అడిగేవాళ్ళు. లైబ్రరీ అనగానే, "ఓహో, పార్ట్ టైమా?" అనేవాళ్ళు. కాదు, ఫుల్ టైమే అంటే ఇంకా జాలిపడేవాళ్ళు. మా ఆయన సాఫ్ట్‌వేర్ కాబట్టి ఆ జాలి నా దగ్గరే ఆగిపోయేది, ఇంటిదాకా వచ్చేది కాదు. నేను చేసిన పనికి మొదలు అక్కడుంది కాబట్టి ఇదంతా ముందే చెబుతున్నాను.

నేను చెప్పిన రాజుగారి మనవడు మా కాలేజీలోనే చరిత్ర చెప్పి రిటైరైన ప్రొఫెసర్. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవారు. మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెటర్ ఒకటే చలికాలమంతా వేసుకునేవారు. రోజూ తొమ్మిదింటికి, నేను రీడింగ్ రూమ్ తాళం తీసేసరికి తలుపు దగ్గర నిలబడి ఉండేవారు. ఆయనెవరో మొదటి ఏడాదంతా నాకు తెలియదు. ఆయన కోసం తెప్పించిన ఒక పాత పుస్తకంలో, లేసు గౌను తొడిగిన చిన్న పిల్లాడు చెక్కగుర్రం మీద కూర్చున్న ఫొటో కనబడింది. కింద పేరు చదివి, తలెత్తి ఆయన్ని చూశాను.

"చెవులు మారలేదు కదా," అన్నారు. మా ఇద్దరి మాటలూ ఎప్పుడూ ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

యూరప్‌లో ఒక చిన్న దేశానికి ఆయన తాతగారు రాజు. ఈయనకి నాలుగేళ్ళప్పుడు అక్కడి జనం రాజరికం వద్దనుకుని కుటుంబాన్ని మొత్తం వెళ్ళగొట్టారు. ఆ ఇంటివాళ్ళెవరూ మళ్ళీ ఆ నేల మీద అడుగుపెట్టకూడదని చట్టం చేశారు. ఈయన నాలుగు దేశాలు తిరిగి, చివరికి అమెరికా చేరి, చదువుకుని చరిత్రకారుడయ్యారు. రాజుల ఇళ్ళవాళ్ళు తమ చరిత్ర రాసుకోవడం వింతేమీ కాదు. ఈయన రాస్తున్నది వేరు. తాతగారి కాలంలో ఒక లోయలోని జనాన్ని గనుల్లో పనికి తోలుకుపోయారట. రామని ఎదురుతిరిగిన ఒక ఊళ్ళో మగవాళ్ళందర్నీ చర్చి గోడకి నిలబెట్టి కాల్చారట. ఈయన ఆ ఊరి గురించి రాస్తున్నారు. చనిపోయినవాళ్ళ పేర్లు కాగితాల్లో దొరికినవి దొరికినట్టు ఒక నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకునేవారు. రీడింగ్ రూమ్‌లో పెన్నులు నిషేధం. ఆయన పెన్సిళ్ళు నేనే చెక్కి పెట్టేదాన్ని.

ఆ రోజు ఆ ఊళ్ళో ఉన్న పిల్లల్లో ఒకావిడ ఇంకా బతికి ఉంది. తొంభై దాటాయి. ఎవరడిగినా ఆవిడ ఆ సంగతి మీద నోరు విప్పలేదు. ఈయన రాసిన ఉత్తరానికి మాత్రం మనవరాలి చేత జవాబు రాయించింది. "ఆ ఇంటి మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చుంటే చెబుతాను. వేరే ఎవరికీ చెప్పను." ఈయన ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ జేబులోంచి అది బయటికి రావడం నేను చూడలేదు.

వెళ్ళాలంటే ఆ దేశం రానివ్వాలి. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. సింహాసనం మీద తనకి ఏ హక్కూ లేదనీ, ఏ బిరుదూ వాడననీ, ఎవరి చేతా వాడనివ్వననీ సంతకం పెట్టాలి. ఆయన ఆ కాగితం నా బల్ల మీదే పెట్టుకుని సంతకం చేశారు. కింద సాక్షి సంతకం కావాలంటే నేను పెట్టాను. మే నెలలో ప్రయాణం ఖాయమైంది. ఆ వారమంతా ఆయన రీడింగ్ రూమ్‌లో ఈలపాట మొదలుపెట్టి, వెంటనే గుర్తొచ్చి ఆపేస్తుండేవారు.

ఇక ఇక్కడి నుంచి నా ఘనకార్యం.

మా తెలుగు సంఘం ఉగాది వేడుక ఏప్రిల్‌లో. నేను కమిటీలో ఉన్నాను, కుర్చీలూ పులిహోర ట్రేలూ నా డిపార్ట్‌మెంట్. ఇండియా నుంచి రావలసిన ముఖ్య అతిథికి వీసా రాలేదని, ఇంకో మూడు వారాలుందనగా తెలిసింది. ప్రెసిడెంట్ గారి బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టుకుని అందరూ తలలు పట్టుకున్నారు. ఆ ప్రెసిడెంట్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. సంఘం కోసం ఒళ్ళు దాచుకోకుండా తిరిగే మనిషి. ఎవరూ ఏమీ తేల్చకపోయేసరికి నేను మా ప్రొఫెసర్ గారి సంగతి చెప్పాను.

"రాజంటే అసలు రాజేనా అక్కా? అంటే, ఏదో బ్రాండ్ అంబాసిడర్ టైపు కాకుండా?"

"అసలు రాజే. రోజులు బావుంటే ఈపాటికి సింహాసనం మీద ఉండేవారు," అన్నాను.

అందరూ మిక్స్చర్ నమలడం ఆపి నా వైపు తిరిగారు. అన్నేళ్ళలో నేను మాట్లాడుతుంటే ఆ గదిలో నమలడం ఆగడం అదే మొదలు. అప్పటికే నాకు కళ్ళు నెత్తికెక్కాయి, తెలియలేదంతే.

మర్నాడు ఆయన్ని పిలిచాను.

"టీచర్‌గా పిలిస్తే వస్తాను. బిరుదులు వద్దు. రాజు అన్న మాటే రాకూడదు. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు, సంతకం పెట్టారు కదా."

"అలాగే. మేము శాలువా కప్పుతాం. అది మా మర్యాద."

"శాలువా సరే. ముసలివాణ్ణి, చలేస్తుంది. ఇంకేమైనా ఉందా?"

"పూలదండ. అంతే," అన్నాను.

ఆ సాయంత్రం ప్రెసిడెంట్‌కి ఫోన్ చేసి ఏర్పాట్లు మాట్లాడాను. శాలువా, దండ, మెమెంటో అని అతను లిస్టు చదివాడు. అదంతా ప్రతి ఏడాదీ ప్రతివాడికీ చేసేదే. పోయినేడు మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్‌లో నగల షాపాయనకి కూడా అదే చేశాం. "మన నాటకాల పెట్టెలో కిరీటం ఉంది కదా, రాళ్ళది," అన్నాను నేను. మన సన్మానాల్లో కిరీటం పెట్టడం కొత్తేమీ కాదు కూడా.

"బావుంటుంది అక్కా, కానీ ఆయన ఫీల్ అవరా? టైటిల్స్ అవీ వద్దన్నారని మీరే చెప్పారు కదా."

"పెద్దవాళ్ళు అలాగే అంటారు. మొహమాటం. నువ్వు పెట్టెయ్."

"మీరు చెప్తే ఓకే అక్కా. నాకేం తెలుసు, ఆయనతో రోజూ ఉండేది మీరు."

మీకు మన ఇళ్ళు తెలుసు. విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించే జాతి మనది. వద్దు అనడం మర్యాద, విన్నా వినకపోయినట్టు వడ్డించడం ఇంకా పెద్ద మర్యాద. ఆయన వద్దన్నదాన్ని నేను ఆ లెక్కలోనే వేసుకున్నాను. చాలా ఏళ్ళు నాకు నేను ఇదే చెప్పుకున్నాను.

ఉగాది రోజు హైస్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. ఆయన గోధుమరంగు కోటు వేసుకుని వచ్చారు. కాగితం కప్పులో ఉగాది పచ్చడి ఇస్తే, ఒక్కో రుచీ దేనివల్ల వచ్చిందో అడిగి తెలుసుకుని, కప్పు ఖాళీ చేశారు. తర్వాత పది నిమిషాలు మాట్లాడారు. తన పని పాత జాబితాల్లో పేర్లు చదవడం అనీ, ఒక పేరు చదివినప్పుడల్లా ఆ మనిషిని పొద్దున్నే ఇంట్లోవాళ్ళు ఎలా పిలిచి ఉంటారో ఊహించుకుంటాననీ చెప్పారు. వెనక వరసల్లో పరుగులు పెట్టే పిల్లలు కూడా కూర్చుని విన్నారు. అక్కడితో ఆపేసి ఉంటే ఇది నేను గర్వంగా చెప్పుకునే కథ అయ్యేది.

శాలువా కప్పారు. దండ వేశారు. స్పీకర్లలో సన్నాయి మొదలైంది. ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచిన పళ్ళెంలో కిరీటం తీసుకుని స్టేజీ పక్కనుంచి వచ్చింది నేనే. పట్టుచీర కట్టుకున్నాను. ఆయన కిరీటాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. అరచెయ్యి ఎత్తి అడ్డం పెట్టారు. ప్రెసిడెంట్ తటపటాయించి నా వైపు చూశాడు. నేను నవ్వుతూ తల ఊపాను. అతను పెట్టేశాడు. కిరీటం పెద్దదై ఆయన కనుబొమల దాకా జారింది. ఐదారు వందలమంది లేచి చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి.

ఆయన చేతులు కిందికి వదిలేసి కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత రెండు చేతులతో దాన్ని తీసి, జాగ్రత్తగా నా పళ్ళెంలో పెట్టారు. ఆ కాసేపూ నేను గాల్లో తేలాను. పార్ట్ టైమా అని అడిగిన ఆవిడ మూడో వరసలో నిలబడి చప్పట్లు కొట్టడం చూసుకున్నాను. ఇది రాయడానికి నాకు చచ్చేంత సిగ్గుగా ఉంది.

ఆయన్ని నేనే కార్‌లో దిగబెట్టాను. సగం దారిలో అడిగారు.

"అది ఎవరి ఆలోచన?"

"కమిటీది," అన్నాను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మన సంఘం వాళ్ళు ఫొటో నెట్‌లో పెట్టారు. యూరప్ మహారాజుకి ఉగాది పట్టాభిషేకం అని ఎవరో ఉత్సాహవంతుడు పైన రాశాడు. నాలుగు రోజుల్లో అది ఆయన దేశం చేరింది. రాజు మళ్ళీ రావాలనుకునే గుంపు ఒకటి అక్కడ ఉంది, వాళ్ళు పండగ చేసుకున్నారు. రాజులంటే మండిపడేవాళ్ళు ఆ ఫొటోనే పత్రికలకెక్కించి, ఇతనేనా హక్కులు వదులుకున్నది అని అడిగారు. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది.

ఆయన ఆ కాగితం, ఫొటో ప్రింటూ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కోపంగా లేరు. కోప్పడితే బావుండేది.

"నేనేం రాసినా తప్పించుకోవడానికి రాశానంటారు. ఆ నిర్ణయం ఎవరిదో వాళ్ళు రాస్తే నమ్ముతారు. రెండు వాక్యాలు చాలు. నేను ముందే వద్దన్నానని ఒకటి. అయినా పెట్టామని ఒకటి. కమిటీలో అది ఎవరు రాయగలరో కనుక్కుంటారా?"

"కనుక్కుంటాను," అన్నాను.

ఆ రెండు వాక్యాలూ రాయగలిగిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. రాస్తే ఏమవుతుందో లెక్కవేసుకున్నాను. రీడింగ్ రూమ్‌కి వచ్చేవాళ్ళని సొంత పనులకి వాడుకోకూడదని మా లైబ్రరీ రూలు. షరతు తెలిసి, సాక్షి సంతకం పెట్టి కూడా ఈ పని చేసిందని మా పైవాళ్ళకి తెలుస్తుంది. ఉద్యోగం పోవచ్చు. అది ఒక భయం. రెండోది చెబితే మీరు నవ్వుతారు. ఆ వారం సంఘంలో నన్ను అందరూ కొత్తగా పలకరిస్తున్నారు. ఓక్ ట్రీ రోడ్‌లో కూరగాయలు ఏరుకుంటుంటే ముక్కూ మొహం తెలియని ఆవిడ వచ్చి, "రాజుగారిని తెచ్చింది మీరే కదండీ," అంది. ఆ పలకరింపు పోతుందని భయం.

మర్నాడు కాఫీ తాగుతూ మా ఆయనకి చెప్పాను. "రెండు లైన్లే కదా, రాసిచ్చెయ్," అన్నాడు పేపర్ తిప్పుతూ. "ఉద్యోగం పోతే పోయిందిలే, నీ జీతం మీదేం బతకట్లేదుగా." మంచికే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటని అడ్డం పెట్టుకుని ఇంకో మూడు రోజులు గడిపాను.

చివరికి ప్రెసిడెంట్‌కి ఫోన్ చేసి, సంఘం తరపున ఒక లెటర్ ఇవ్వమన్నాను. ఏం రాయాలో చెప్పలేదు. చెబితే నిజం చెప్పాలి. పాపం అతను ఆఫీస్‌కి సెలవు పెట్టి మరీ రాశాడు. ప్రభువుల వారు మా సంఘం సమర్పించిన కిరీటాన్ని దయతో స్వీకరించి మమ్మల్ని ధన్యుల్ని చేశారని, చక్కటి ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద. నేను చదివాను. దాన్ని చింపి నా రెండు వాక్యాలు రాయడానికి ఇంకా ఒక రోజుంది. కవర్లో పెట్టి, అంటించి, తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను.

ఆయన నిలబడే చదివారు. "మీ ప్రెసిడెంట్ మంచివాడు," అన్నారు. అది పంపకుండా ఉండవచ్చు కదా అని నేను నసిగాను. "దగ్గరున్న కాగితాన్ని నాకు పనికిరాదని దాచేస్తే, ఇన్నేళ్ళు నేను చేసిన పనికి అర్థమేముంది?" అని, తన సంజాయిషీతో కలిపి దాన్నీ పంపేశారు.

అనుమతి రద్దయింది.

ఆయన మళ్ళీ అర్జీ పెట్టారు. వేసవి గడిచింది. నవంబర్‌లో ఆ ముసలావిడ మనవరాలు మూడు వాక్యాల ఉత్తరం రాసింది. ఆవిడ నిద్రలో పోయిందట, చివరి వారం కూడా, వచ్చాడా అని అడిగిందట. ఆ రోజు కూడా ఆయన తొమ్మిదింటికే వచ్చారు. ఏ పెట్టే అడగలేదు. పెన్సిల్ తీసుకోలేదు. మూసే వేళదాకా ఊరికే కూర్చుని వెళ్ళిపోయారు. నేను రెండుసార్లు ఆయన బల్ల దాకా వెళ్ళి, దీపం సరిచేసినట్టు నటించి వెనక్కి వచ్చాను.

రెండేళ్ళకి పుస్తకం వచ్చింది. ఆ ఊరి అధ్యాయం నాలుగే పేజీలు. చెప్పగలిగిన మనిషి తనని రమ్మందనీ, తను వెళ్ళలేకపోయాననీ చివర్లో ఉంది, ఎందుకన్నది లేదు. ముందు పేజీల్లో కృతజ్ఞతల్లో నా పేరుంది, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు పెట్టె తేలేదని. లైబ్రరీలో మావాళ్ళు నా కోసం కేక్ తెప్పించారు. నేను కోసి అందరికీ పంచి, నేనూ ఒక ముక్క తిన్నాను.

తర్వాత కొన్నేళ్ళకి ఆయన వృద్ధుల కోసం ఉండే ఒక హోమ్‌కి మారిపోయి, తన కాగితాలన్నీ మా లైబ్రరీకి ఇచ్చేశారు. వాటిని పెట్టెల్లో సర్దడమే నా ఉద్యోగంలో చివరి పని. ఒక ఫోల్డర్‌లో కిరీటం ఫొటో, ప్రెసిడెంట్ లెటర్ కనిపించాయి. వాటి పక్కన ఒక ఖాళీ ఫోల్డర్ ఉంది. పైన ఆయన పెన్సిల్ రాతతో ఉగాది అని మాత్రం ఉంది. లోపల ఏమీ లేదు. నేను ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి ఆ హోమ్‌కి డ్రైవ్ చేశాను.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు, అదే స్వెటర్. నిలబడే అంతా చెప్పేశాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"తెలుసు," అన్నారు. "అనుమతి రద్దయిన వారమే మీ ప్రెసిడెంట్ ఫోన్ చేసి ఏడ్చాడు. మీరు చెబితేనే పెట్టానన్నాడు."

"అప్పటికి ఆవిడ బతికే ఉంది కదా. నన్నెందుకు అడగలేదు? అడిగుంటే రాసిచ్చేదాన్ని."

"అడిగి రాయించుకున్న వాంగ్మూలాలు మా తాతగారి పోలీసు రిజిస్టర్ల నిండా ఉన్నాయి. అవి చదివాక ఎవర్నీ అలా అడగలేను." కిటికీ వైపు తిరిగి, "రోజూ తొమ్మిదింటికి వస్తూనే ఉన్నాను కదా," అన్నారు.

ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పి, చెక్కిన పెన్సిల్ చేతికిచ్చి పంపాను.

"ఇప్పుడు రాయండి. ఆ ఫోల్డర్ మీ కోసమే," అని కాగితం జరిపారు.

అక్కడే కూర్చుని రాశాను. నాటకాల పెట్టె, ఫోన్ కాల్, పళ్ళెం, కవరు, అన్నీ. ఆయన పెన్సిల్ పట్టుకుని నెమ్మదిగా చదివారు. ఒక్క వాక్యం పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి కాగితం వెనక్కిచ్చారు. ఆయన వద్దన్నది మొహమాటం కొద్దీ అనుకున్నాను అని రాసిన వాక్యం అది. పైన మీకు కూడా అదే చెప్పాను, విస్తరీ వేళ్ళ సందులూ కలిపి.

స్టేజీ మీద ఆయన అరచెయ్యి అడ్డం పెట్టింది గుర్తొచ్చింది. ఆయన కళ్ళు గుర్తొచ్చాయి. నా బల్ల మీద ఆయన సంతకం, దాని కింద నా సంతకం గుర్తొచ్చాయి. ఆ వాక్యాన్ని కొట్టేసి, ఆయన నిజంగానే వద్దంటున్నారని నాకు అప్పుడే తెలుసు అని రాశాను.

ఆయన మళ్ళీ మొదటినుంచీ చదివి, నా చేత తేదీ వేయించి, సంతకం పెట్టించారు. కింద సాక్షి సంతకం ఆయన పెట్టారు.